కడుపున పడక మునుపే బిడ్డకున్న హక్కు

ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు నిజాంపట్నం హార్బరులో మరబోట్లు కదలవు. తూర్పు తీరమంతటా ఆ 61 రోజులూ వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి సంతతిని వృద్ధి చేసుకునే కాలం గనుక సముద్రాన్ని కదిలించరాదన్నది ఆ కట్టడి ఉద్దేశం. బోట్ల వారు కూడా ఆ రెండు నెలలు ఖాళీగా కూర్చోరు. బోటును ఒడ్డుకు చేర్చి, చివికిన చెక్కలు మార్చి, ఇంజను విప్పి చూసి, వలలు బాగుచేసుకుంటారు. రొయ్యల చెరువుల వారి సంగతీ అంతే. పాత నీరు తోడివేసి, నేల నెర్రెలు విచ్చేవరకు ఎండగట్టి, దున్ని, సున్నం చల్లి, కొత్త నీటిని పరీక్ష చేయించి, ఆ కాగితం చేతికి వచ్చిన తరువాతగాని సీడు వదలరు. అలా చేయనివాణ్ణి చూసి తోటి రైతులు నవ్వుతారు.

అదే ఊరిలో, అదే ఇళ్ళలో నికాహ్ జరిగిన మూడవ నెల నుండి కోడలిని అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏమైనా విశేషమా?" ఆ విశేషానికి ఆమె శరీరం సిద్ధంగా ఉందా, ఆమె రక్తం ఎంత ఉంది, ఆమె భర్త ఆరోగ్యం ఎలా ఉంది అని అడిగినవారిని మేము బహు తక్కువగా చూశాము. నిజం చెప్పాలంటే మేము కూడా అడగలేదు. ముప్పై ఏళ్ళుగా ఫిఖ్ బోధిస్తూ, వందలాది నికాహ్‌లు చదివిస్తూ కూడా అడగలేదు. ఈ వ్యాసానికి కారణం అదే.

కొన్ని సంవత్సరాల క్రితం ఒక రాత్రి ఇషా నమాజు తరువాత ఒక యువకుడు మస్జిదు మెట్ల వద్ద మా కొరకు వేచి ఉన్నాడు. హార్బరులోని ఐస్ ఫ్యాక్టరీలో పని చేసేవాడు. అతని భార్య మా మదరసాలో నాజిరా ఖుర్ఆన్ పూర్తిచేసిన అమ్మాయి. ఎనిమిదవ నెలలో మృతశిశువు జన్మించింది. తలభాగం పూర్తిగా ఏర్పడలేదు. హనఫీ ఫిఖ్ ప్రకారం ప్రాణచిహ్నం లేకుండా పుట్టిన బిడ్డకు స్నానం చేయించి, పేరు పెట్టి, ఒక వస్త్రంలో చుట్టి ఖననం చేస్తారు. జనాజా నమాజు ఉండదు. మేము అదంతా అతనికి వివరించాము. పని ముగిసింది. చేతులకు అంటిన మట్టి కడుక్కుంటూ అతను అడిగాడు: "హజ్రత్, మేము ఏ పాపం చేశామని ఈ శిక్ష?" వెనుకనే ఉన్న అతని మామయ్య బదులిచ్చాడు, "పాపం కాదు బేటా, గ్రహణం రోజున కోడలు బయట తిరిగింది, మీ అమ్మీ అప్పుడే చెప్పింది."

గ్రహణం మాటకు మా వద్ద సమాధానం ఉంది. దైవప్రవక్త (స) వారి చిన్నారి కుమారుడు ఇబ్రాహీం మరణించిన దినాన సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణం వల్లనే గ్రహణం పట్టిందని జనం అనుకోసాగారు. బిడ్డను పోగొట్టుకున్న ఆ దుఃఖంలో కూడా ఆయన (స) నిలబడి, సూర్యచంద్రులు ఎవరి చావుకూ ఎవరి పుట్టుకకూ గ్రహణం పట్టరని స్పష్టం చేశారు. ఇది ఆ యువకునికి చెప్పాము. పాపం కాదు, శిక్ష కాదు, చిన్న బిడ్డల వియోగాన్ని సహించిన తల్లిదండ్రులకు అల్లాహ్ వద్ద గొప్ప ప్రతిఫలం ఉంది అని కూడా చెప్పాము. అయితే "మరి ఎందువల్ల?" అని అతను అడిగి ఉంటే మా వద్ద సమాధానం లేదు. అతను అడగలేదు. మేమే తరువాత ఒక వైద్యురాలిని అడిగాము.

ఆమె చెప్పిన మాట ఇది. గర్భస్థ శిశువు మెదడు, వెన్నుపాము మొదట ఒక నాళంగా ఏర్పడతాయి. గర్భం నిలిచిన 28 రోజులలోపు ఆ నాళం మూసుకోవాలి. పైన మూసుకోకపోతే మెదడు, పుర్రె ఏర్పడవు. క్రింద మూసుకోకపోతే బిడ్డ వెన్నులో లోపంతో, కాళ్ళ బలం లేకుండా పుట్టవచ్చు. లెక్క వేసి చూడండి. నెలసరి తప్పిందని గ్రహించి, మరో వారం ఆగి, పరీక్ష చేసుకుని, అత్తగారికి చెప్పి, ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆ 28 రోజులు గడిచిపోయి ఉంటాయి. ఆ నాళం సరిగా మూసుకొనేందుకు కావలసిన వాటిలో ముఖ్యమైనది ఫోలిక్ ఆమ్లం. దానిని గర్భం తెలిసిన తరువాత ఇవ్వడం ఈ విషయంలో ఆలస్యమే. అన్ని లోపాలూ దీని కొరతవల్లే వస్తాయని కాదు, మాత్ర వేసుకున్నవారికి ఎన్నడూ రాదనీ కాదు. కాని నివారించగలిగిన వాటిలో పెద్ద భాగం ఇక్కడే ఉంది.

ఇందుకు ఆధారం బలమైనది. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ప్రకటించిన అధ్యయనంలో, అంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న 1,817 మంది స్త్రీలు 7 దేశాలలోని 33 కేంద్రాల నుండి పాల్గొన్నారు. గర్భానికి ముందు నుండే ఫోలిక్ ఆమ్లం తీసుకున్నవారిలో ఈ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గింది. ఫలితం ఎంత స్పష్టంగా ఉన్నదంటే, మిగతా స్త్రీలకు ఆ మాత్ర ఇవ్వకుండా ఉండడం న్యాయం కాదని అధ్యయనాన్ని గడువుకు ముందే ఆపివేశారు. మరుసటి ఏడాది హంగరీలో, అంతకు మునుపు ఇలాంటి కాన్పు లేని స్త్రీలలో కూడా దీని మేలు రుజువైంది.

మన నేలపై మొదలైన పరిశోధన

ఈ కథ మొదలు బ్రిటన్‌లో కాదు, మన దేశంలో ఉంది. చదివినప్పుడు మాకు దుఃఖం, ఆశ్చర్యం రెండూ కలిగాయి. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు ముంబయికి వచ్చారు. అక్కడి బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణులు తీవ్ర రక్తహీనతతో మరణిస్తుండగా కారణం కనుగొనడం ఆమె పని. ఆయా వర్గాల స్త్రీలు ఏమి తింటున్నారో ఆమె విచారించారు. పేద ముస్లిం స్త్రీల ఆహారమే అందరికన్నా కొరతగా ఉందని, ఈ రక్తహీనతకు ఎక్కువగా గురవుతున్నది కూడా వారేనని ఆమె గమనించారు. ఆమె కొన్ని నెలలు కూనూరులో, మరికొంత కాలం మద్రాసులోని గోషా ఆసుపత్రిలో కూడా పనిచేశారు. అప్పటికి మన గుంటూరు జిల్లా మద్రాసు రాజధానిలోని భాగమే. గోషా పాటించే స్త్రీల కొరకు ప్రత్యేకంగా నెలకొల్పిన ఆసుపత్రి అది. ఈస్ట్ నుండి తీసిన చౌకైన మార్మైట్ అనే సారంతో ఆ తల్లులు కోలుకుంటున్నారని 1931లో ఆమె ప్రకటించారు. అందులోని గుణకారి పదార్థమే తరువాతి కాలంలో ఫోలిక్ ఆమ్లంగా తేలింది. 1941లో దానిని పాలకూర నుండి వేరుచేసినవారు లాటిన్ భాషలో ఆకు అనే అర్థమిచ్చే మాటతో ఆ పేరు పెట్టారు.

కూనూరులో 1918లో ఒకే గదిలో మొదలైన పోషకాహార పరిశోధన 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరుతో తార్నాకలో నేటికీ పనిచేస్తున్నది. అంటే మన స్త్రీల రక్తహీనతను చూసి మొదలైన శోధన ప్రపంచమంతటి తల్లులకు మేలు చేసింది. మన ఇళ్ళకు మాత్రం ఇంకా పూర్తిగా చేరలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. పది మందిలో దాదాపు ఆరుగురు! దివ్య ఖుర్ఆన్ లుక్మాన్ సూరాలో తల్లి బలహీనతపై బలహీనతను భరిస్తూ బిడ్డను మోస్తుందని అల్లాహ్ తెలిపాడు. గర్భమే ఒక బలహీనత. ఆ భారాన్ని మోయడానికి ముందే కృశించి ఉన్న అమ్మాయి పైన ఇంకెన్ని బలహీనతలు చేరుతాయో ఆలోచించండి.

షరీఅత్ ఎక్కడి నుండి మొదలుపెట్టింది?

ఇదంతా డాక్టర్ల విషయం, ధర్మానికి దీనితో ఏమి పని అని కొందరు అనవచ్చు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ఉంది. భార్యాభర్తలు కలిసే ముందు అల్లాహ్ పేరు స్మరించి, తమను, తమకు ప్రసాదించబోయే సంతానాన్ని షైతాను నుండి కాపాడమని వేడుకోవాలని అందులో నేర్పబడింది. అప్పటికి బిడ్డ ఎక్కడున్నాడు? ఇంకా బిందువు కూడా కాలేదు. అయినా అతని రక్షణ బాధ్యత తల్లిదండ్రులపై పడింది. బఖరా సూరాలో అల్లాహ్ స్త్రీలను పొలంతో పోల్చి, మీ కొరకు ముందుగా ఏర్పాటు చేసుకోండని కూడా ఆదేశించాడు. ఈ ఏర్పాటు అంటే సత్కార్యమని, సత్సంతానాన్ని కోరుకోవడమని, కలయికకు ముందు బిస్మిల్లాహ్ పలకడమని వ్యాఖ్యాతలు పలు విధాలుగా వివరించారు. పొలమన్న మాట వినగానే మా మనసు చెరువులను ఎండగట్టే ఆ రైతుల వైపు వెళ్తుంది. నేలను సిద్ధం చేయకుండా విత్తనం వేసి, పంట రాకపోతే నేలను నిందించేవాడు మంచి రైతు కాడు. పొలమన్న పోలికను అధికారానికి మాత్రమే వాడుకొని, సాగుదారుని బాధ్యతను మరచే మగవారికి ఇది చెప్పవలసిన మాట.

తవక్కుల్ పేరుతో చేతులు ముడుచుకోవడాన్ని కూడా మన ధర్మం ఒప్పదు. ఒంటెను కట్టివేసి ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్న హదీసు మన పిల్లలకు కూడా తెలిసినదే. జకరియ్యా (అలై) పవిత్ర సంతానం కొరకు చేసిన దుఆ మనం చేయవలసిందే. తావీజు కొరకు మా వద్దకు వచ్చే దంపతులకు మేము ఇప్పుడు చెప్పేది ఇదే: దుఆ చేస్తాము, ముందు రక్తపరీక్ష కాగితం తీసుకురండి.

మా మదరసా బాలికల విభాగంలో ఒక ఆపా ఫిఖ్ బోధిస్తారు. స్త్రీల ప్రశ్నలు చీటీల మీద ఆమె ద్వారా మా వద్దకు వస్తాయి. "పది రోజులు దాటినా రక్తస్రావం ఆగడం లేదు, నమాజు చదవాలా?" అన్నది తరచు వచ్చే ప్రశ్న. హనఫీ ఫిఖ్‌లో నెలసరి గరిష్ఠ కాలం పది రోజులు. ఆ తరువాతది ఇస్తిహాజా. స్నానం చేసి నమాజు చదవమని, ప్రతి నమాజు వేళకు వుజూ చేసుకోమని రాసి పంపేవాళ్ళము. సమాధానం సరైనదే. కాని నెల నెలా అంత రక్తం కోల్పోతున్న అమ్మాయికి ఆ ఒక్క సమాధానం చాలదు. ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) ఇదే ప్రశ్న అడిగినప్పుడు దైవప్రవక్త (స) అది నెలసరి కాదని, ఒక నరం నుండి వచ్చే రక్తమని తెలిపారు. అంటే అది శరీర సంబంధమైన వ్యాధి అని ఆనాడే గుర్తింపు లభించింది. వ్యాధికి వైద్యం చేయించుకోమన్నది కూడా ఆయన (స) ఉపదేశమే. ఈ రెండింటినీ కలిపి చదవడం మాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు ఆపా ప్రతి చీటీకి కింద మరొక వాక్యం చేరుస్తున్నారు: హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్ష చేయించుకొని లేడీ డాక్టరును కలవండి.

కనీసం మూడు నెలల ముందు

గర్భం కోరుకునే దంపతులు కనీసం మూడు నెలల ముందు నుండి సిద్ధపడాలని వైద్యులు చెబుతారు. మూడు నెలలే ఎందుకు? తగ్గిన ఇనుము నిల్వలు తిరిగి నిండడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. మగవానిలో వీర్యకణం తయారు కావడానికి కూడా రెండున్నర నెలల పైగా పడుతుంది. కనుక ఈ తయారీ కోడలి ఒక్కదానిది కాదు. గుట్కా, ఖైనీ, సిగరెట్టు నోట్లో ఉన్న కొడుకును వదిలి, కోడలికి మాత్రమే పథ్యం చెప్పే అత్తలు ఈ మాట వినాలి. మగతనం కొరకని ఊరి చివర ఎవరో ఇచ్చే కుష్తాలు కూడా జాగ్రత్త. లోహాలను భస్మం చేసి తయారుచేసే వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ ఉండవచ్చు.

మన ఊళ్ళలో భర్త గల్ఫ్‌లో ఉండే ఇళ్ళు చాలా ఉన్నాయి. అతను రెండు నెలల సెలవుపై వస్తాడు, ఆ రెండు నెలలలోనే విశేషం కోసం అందరూ ఎదురు చూస్తారు. అటువంటి ఇంట్లో విమానం టిక్కెట్టు తీసిన దినాననే ఆమె ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టాలి. అతను అక్కడ పొగ మానేయాలి.

ఆ మాత్ర గురించి కొంచెం వివరంగా చెప్పాలి. గర్భం కోరుకునే ప్రతి స్త్రీ రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలని, గర్భం వచ్చిన తరువాత మొదటి 12 వారాలు కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఇంతకు ముందు లోపంతో బిడ్డ పుట్టిన తల్లికి, మూర్ఛకు మందులు వాడేవారికి, మధుమేహం ఉన్నవారికి వైద్యులు ఇంతకన్నా చాలా ఎక్కువ మోతాదు రాయవచ్చు. మన మందుల దుకాణాలలో సులభంగా దొరికేది 5 మిల్లీగ్రాముల మాత్ర. ఎవరికి ఏది అన్నది డాక్టరు నిర్ణయించాలి, దుకాణదారుడు కాదు. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ పథకం కింద ఆశా కార్యకర్తల ద్వారా, అంగన్‌వాడీ ద్వారా వారానికి ఒకటి చొప్పున ఐరన్ మాత్రలు ఇస్తారు. వాటిని తప్పక తీసుకోండి. అయితే అందులో ఉండే ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములు, అదీ వారానికి ఒకసారి. రోజువారీ మాత్రకు అది బదులు కాదు.

హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత. అది సరిదిద్దుకున్న తరువాతనే గర్భం కోరుకోవడం మేలు. గోంగూర, తోటకూర, మునగాకు, బచ్చలి మన పెరట్లో దొరుకుతాయి. అందులోని ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మరసమో ఉసిరో తోడు కావాలి. మన ఇళ్ళలో ఒక దురలవాటు ఉంది. అన్నం తిని చేయి కడుక్కోగానే టీ. ఆ టీ తిన్న ఇనుమును శరీరానికి అందనీయదు. గంట, గంటన్నర ఆగండి. రేషను బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలు ఉండవచ్చు. వాటి రంగు, తేలిక చూసి ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారవేస్తున్న ఇళ్ళను మేము చూశాము. పారవేయకండి, అవి ప్లాస్టిక్ కాదు.

చేపల ఊరిలో చేపల గురించి చెప్పకపోతే ఎలా? నెత్తళ్ళ వంటి చిన్న చేపలు తల్లికీ బిడ్డకూ మంచివి. సొర, పెద్ద వంజరం వంటి వేటాడి తినే పెద్ద చేపలలో పాదరసం పేరుకుంటుంది గనుక గర్భం కోరుకునే కాలం నుండే వాటిని దూరంగా ఉంచడం మంచిది. కలేజీ మంచిదని వారానికి నాలుగుసార్లు పెట్టే తల్లులున్నారు. కాలేయంలో విటమిన్ ఎ మితిమీరి ఉంటుంది. అది ఎక్కువైతే పిండానికి హాని. గర్భం కోరుకునేవారు కలేజీ తినకపోవడమే మేలని బ్రిటన్ వైద్యులు కూడా చెబుతారు. ఇనుము కోసం మాంసం, ఆకుకూరలు, పప్పులు ఉన్నాయి.

సుర్మా గురించి చెబితే కొందరు నొచ్చుకుంటారు. ఇస్మిద్ సుర్మాను దైవప్రవక్త (స) ఇష్టపడ్డారన్నది నిజం. నేడు బజారులో ఇస్మిద్ పేరుతో అమ్మేవాటిలో చాలా వాటిలో ఉన్నది సీసపు ఖనిజం. సీసం తల్లి ఎముకలలో దాగి ఉండి గర్భకాలంలో బిడ్డకు చేరుతుంది. అందులో ఏమి ఉందో తెలియని సుర్మాను పెళ్ళికూతురు కంట పెట్టడం సున్నత్ కాదు. ముఖం తెల్లబడేందుకు వాడే పేరు తెలియని క్రీములలో పాదరసం ఉండవచ్చు, వాటినీ విడిచిపెట్టాలి. పర్దా పాటించే సోదరీమణులకు ఎండ తగలక విటమిన్ డి తగ్గుతుంది. పర్దాకు భంగం లేకుండానే మేడ మీదో పెరట్లోనో చేతులకు, కాళ్ళకు కొంత ఎండ తగలనివ్వండి. తక్కువగా ఉంటే డాక్టరు మాత్ర ఇస్తారు.

మధుమేహం ఉన్న స్త్రీ గర్భానికి ముందే మూడు నెలల సగటు చక్కెర పరీక్ష 6.5 కన్నా తక్కువకు తెచ్చుకోవాలి. బిడ్డ గుండె, వెన్ను తొలి వారాలలోనే ఏర్పడతాయి గనుక తరువాత తగ్గించడం చాలదు. బీపీకి, మూర్ఛకు, మొటిమలకు వాడే కొన్ని మందులు పిండానికి ప్రమాదకరం. తమంతట తాము ఆపకుండా, గర్భం కోరుకుంటున్నామని డాక్టరుకు ముందే చెప్పి మార్పించుకోవాలి. రుబెల్లా టీకా ఆంధ్రప్రదేశ్‌లో 2017 ఆగస్టులో 9 నెలల నుండి 15 ఏళ్ళ లోపు పిల్లలందరికీ వేశారు. అప్పుడు మా వద్దకు కూడా వదంతులు మోసుకొచ్చినవారున్నారు. ఆనాటికే 15 దాటిన అమ్మాయిలకు ఆ టీకా అందలేదు గనుక వారు అడిగి తెలుసుకోవాలి. టీకా తరువాత ఒక నెల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి.

రమజాన్ ఖజా ఉపవాసాలు మిగిలి ఉన్నవారు ఆరోగ్యం అనుమతిస్తే గర్భానికి ముందే పూర్తిచేసుకుంటే భారం ఉండదు. గర్భిణికి హాని భయం ఉన్నప్పుడు ఉపవాసం వాయిదా వేసుకునే సౌలభ్యం షరీఅత్ ఇచ్చింది. ఒక కాన్పుకు, మరొక గర్భానికి మధ్య కనీసం 24 నెలల వ్యవధిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరుతుంది. రెండు పూర్తి సంవత్సరాల పాలిచ్చే కాలాన్ని ఖుర్ఆన్ పేర్కొన్నదని మనకు తెలిసినదే.

నికాహ్ రోజున అడగవలసిన కాగితం

మన బంధువులలోనే సంబంధాలు కలుపుకోవడం వాడుక. అన్న కూతురు, అక్క కూతురు హరామ్. మేనత్త, మేనమామ, పిన్ని, బాబాయిల పిల్లలతో వివాహం హలాల్. హలాల్ అన్నంత మాత్రాన ప్రతి ఇంటికీ అదే మేలు అని కాదు. దగ్గరి రక్తసంబంధంలో పుట్టిన బిడ్డలకు జన్యులోపాల ప్రమాదం ఇతరులకన్నా సుమారు రెట్టింపు ఉంటుంది. అంటే వందమందిలో ఇద్దరు ముగ్గురికి బదులు నలుగురు, అయిదుగురు. చాలామంది బిడ్డలు ఆరోగ్యంగానే పుడతారు. అందువల్ల బెదరవలసిన అవసరం లేదు, పరీక్ష చేయించుకునే అవసరం ఉంది. తలసీమియా లక్షణం వధూవరులిద్దరిలో ఉంటే ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఆ వ్యాధితో బిడ్డ పుట్టడానికి ఉంటుంది. ఒక రక్తపరీక్షతో ఆ లక్షణం తెలుస్తుంది. ఇరాన్ 1997 నుండి, సౌదీ అరేబియా 2004 నుండి నికాహ్‌కు ముందు ఈ పరీక్షను తప్పనిసరి చేశాయి. అక్కడి ఉలమాలో పలువురు దీనిని సమర్థించారు. కాగితంలో ఏదైనా తేలితే దానిని వీధిన పెట్టి అమ్మాయిని అవమానించడం అమానతుకు ద్రోహం. ఆ కాగితం రెండు కుటుంబాల మధ్యనే ఉండాలి.

ఖర్చు ఎవరిది? మేము బోధించే పాత ఫిఖ్ గ్రంథాలలో భార్యకు అన్నవస్త్రాలు, నివాసం భర్త విధిగా ఉన్నాయి. వైద్యుని రుసుమును ఆ విధిలో చేర్చలేదు. ఆ కాలంలో వైద్యం నిత్యావసరం కాదు. నేడు అది అన్నంతో సమానమైన అవసరమైంది గనుక భర్త బాధ్యతే అని ఆధునిక విద్వాంసులలో పలువురు అంటున్నారు, మా అభిప్రాయం కూడా అదే. ఇద్దరి రక్తపరీక్షలకు, మూడు నెలల మాత్రలకు అయ్యే మొత్తం వలీమాలో ఒక డేగ్ బిర్యానీ ఖర్చుకు రాదు. పుట్టింటివారు చేయించుకు రావాలని పంపే అత్తింటివారు ఆ డేగ్ వైపు ఒకసారి చూడాలి.

ఐస్ ఫ్యాక్టరీ యువకుడు, అతని భార్య ఆ తరువాత ఏడాదికి పైగా ఆగారు. వైద్యురాలు చెప్పిన మోతాదులో మాత్ర మొదలుపెట్టారు. ఆమె హిమోగ్లోబిన్ అప్పటికి 8 దగ్గర ఉంది. అది 12కు చేరేవరకు ఎదురు చూశారు. అత్తగారు ఓపిక పట్టలేక రెండుసార్లు మా వద్దకు తావీజుకు వచ్చారు. కాగితం చూపమన్నాము. మూడవసారి ఆమె కాగితంతోనే వచ్చారు, చదివి వినిపించమని.

మా బాలికల విభాగంలో అమ్మాయిలు నెలసరి తేదీలు రాసుకునే చిన్న నోటుపుస్తకం ఉంటుంది. తమ అలవాటు రోజులు తెలిస్తేనే నమాజు, ఉపవాసాల లెక్క తప్పదని ఆపా దానిని నియమంగా పెట్టారు. తేదీలు క్రమం తప్పితే డాక్టరుకు చూపేందుకు కూడా అదే పుస్తకం పనికివస్తుంది. ఈ ఏడాది ఆపా అందులో మరొక గడి గీయించారు. దాని పైన హిమోగ్లోబిన్ అని రాసి ఉంది. చివరి సంవత్సరం అమ్మాయిలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి వచ్చి ఆ గడిని నింపుతున్నారు.